తామ్రశాసనంలో ఒక్క మాట

శంఖపురి కోటగోడలకు ముత్యపుచిప్పలు కాల్చి నూరిన సున్నం పూస్తారు. పొద్దెక్కే కొద్దీ ఆ గోడల మీద ఒకసారి లేత గులాబి, ఒకసారి నీలం, ఒకసారి నెమలి కంఠపు వన్నె తేలిపోతూ ఉంటాయి. కోటకు ఏడు బురుజులు. బురుజుకొక రాగి మకరం. సముద్రం మీద నుంచి గాలి కొట్టినప్పుడల్లా ఆ మకరాలు తెరిచిన నోళ్లతో ఊళ పెడతాయి. వినీవినగానే కొత్తవాళ్ల గుర్రాలు బెదురుతాయి.

మైలారుడి గుర్రం కూడా బెదిరి ముందుకాళ్లు ఎత్తింది.

"కళ్లెం గట్టిగా పట్టు..." అనబోయి, చుట్టూ ఉన్న కోటకాపరులను చూసి, "పట్టండి, ప్రభూ" అని సర్దుకున్నాడు పక్కనే వస్తున్న దళపతి బొల్లయ్య.

మైలారుడు ప్రభువు కాడు. వారం కిందటి వరకూ హరితగిరి రాజ్యంలో ఊరూరా తిరిగి పగటివేషాలు కట్టుకునేవాడు. ఒకనాడు జంగమయ్య, ఒకనాడు పులి, ఒకనాడు గయ్యాళి అత్త. ఇప్పుడు యువరాజు కువలయసేనుడు. తలపాగా, కవచం, మీసం, చివరికి కనుబొమల వంపు కూడా యువరాజువే. కుడిచేతి దండకడియం ఒక్కటే పేచీ పెడుతోంది. అది నిజంగా యువరాజుదే కావడంతో మైలారుడి సన్నటి చేతికి వదులై, మాటిమాటికీ మోచేతి దాకా జారుతోంది. అతను మాటిమాటికీ ఎడమ బొటనవేలితో దాన్ని పైకి తోసుకుంటున్నాడు.

అసలు యువరాజు వేటకు వెళ్లి మాయమయ్యాడు. గుర్రం ఒక్కటే తిరిగివచ్చింది. ఆ కబురు బయటికి పొక్కితే హరితగిరి తీరంలో ఇరవై ఊళ్ల బతుకు ఉప్పునీటి పాలవుతుంది. ఎందుకంటే సముద్రపు పోటును వెనక్కి నెట్టగల ఉదధిశంఖాన్ని ముప్పై ఏళ్ల కిందటి యుద్ధంలో శంఖపురి గెలుచుకుపోయింది. అప్పటి నుంచీ ఏటా సముద్రం కొంచెం కొంచెంగా ఆ ఊళ్ల మీదికి పాకుతూనే ఉంది. ఈ ఆషాఢ ద్వాదశినాడు, సూర్యుడు నడినెత్తిన ఉన్న క్షణంలో, హరితగిరి యువరాజు స్వయంగా వచ్చి చేయి చాచి అడిగితేనే దాన్ని తిరిగి ఇస్తారని ఒప్పందం. ఆ క్షణం దాటితే శంఖం ఎప్పటికీ శంఖపురిదే. వృద్ధమంత్రి సుబంధుడు మైలారుణ్ణి పిలిపించి, రెండు చేతులూ పట్టుకుని, "యువరాజు దొరికేదాకా నువ్వే యువరాజువి, నాయనా" అన్నాడు. ఆ మంత్రికీ, బొల్లయ్యకూ, మైలారుడికీ తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు.

నాలుగు రోజుల అడవి ప్రయాణంలో మైలారుడు యువరాజు నడక నడిచాడు, యువరాజు నవ్వు నవ్వాడు, సేవకులు అడిగిన ప్రశ్నలకు తెలిసినవి తెలిసినట్టూ తెలియనివి కల్పించీ జవాబులు చెప్పాడు. శంఖపురి సభలో తన నోటి నుంచి తప్పుమాట ఒక్కటీ రాదని ధైర్యంగానే ఉన్నాడు.

సభాద్వారం దగ్గర ప్రతీహారి అతన్ని ఎగాదిగా చూశాడు.

"తమరు... ఎవరని విన్నవించమంటారు?"

"హరితగిరి యువరాజు కువలయసేనుడు."

"అదే ఎలాగా అని, ప్రభూ," అని ప్రతీహారి నసిగాడు. "యువరాజు కువలయసేనులవారు ఘడియ కిందటే లోపలికి వెళ్లారు. నేనే పేరు చదివాను."

మైలారుడు బొల్లయ్య వైపు చూశాడు. బొల్లయ్య మైలారుడి వైపు చూశాడు. ఏం చేయాలో చెప్పేవాళ్లు ఎవరూ లేక ఇద్దరూ లోపలికి నడిచారు.

నూరు పాలరాతి స్తంభాల సభ అది. స్తంభానికొక రంగురాళ్ల తీగ పాకినట్టు చెక్కారు. పైకప్పు నడుమ అరచేయంత రంధ్రం. అందులోంచి దిగిన ఎండ నేలమీద బంగారు నాణెంలా మెరుస్తూ, తెల్లరాతితో పొదిగిన వలయం వైపు చీమ నడకన పాకుతోంది. ఆ ఎండబిళ్ల వలయాన్ని తాకినప్పుడే మధ్యాహ్నం. వలయం పక్కన వెండి పీటమీద, పసిబిడ్డంత ఉదధిశంఖం. దాని వెనుక సింహాసనం మీద మహారాణి తారావళి. నెరిసిన జుట్టు, నిటారైన వెన్ను.

ఆమె ఎదుట యువరాజు కువలయసేనుడు నిలబడి ఉన్నాడు.

అదే ఎత్తు. అవే భుజాలు. అదే కనుబొమల వంపు. మైలారుడు అద్దం ముందు మూడు రోజులు తంటాలుపడి తెచ్చుకున్న పోలికంతా ఆ మనిషిలో అప్పనంగా ఉంది.

'యువరాజు దొరికాడు!' అనుకున్నాడు మైలారుడు. గుండె మీది బండ దిగినట్టయింది. మరుక్షణం ఆ బండే నెత్తిమీద పడింది. యువరాజు దొరికితే తానెవరు?

బొల్లయ్యకు ఆ రెండో ఆలోచన రాలేదు. "ప్రభూ! బతికే ఉన్నారా!" అంటూ వెళ్లి ఆ యువరాజు పాదాల మీద పడ్డాడు. పడ్డాక గుర్తొచ్చింది తాను ఇంకో యువరాజును వెంటబెట్టుకుని వచ్చానని. లేచి, రెండడుగులు వెనక్కి వేసి, మైలారుడికీ ఒక నమస్కారం పెట్టాడు. సభంతా గొల్లుమంది.

మహారాణి నవ్వలేదు. "హరితగిరి మాకు ఒక యువరాజు చిత్తరువును పంపింది. ఇద్దరు యువరాజులను పంపింది. చిత్తరువు మీ ఇద్దరికీ సరిపోతోంది. నాయనలారా, ఆ స్తంభం మీది శాసనం చదివారా?"

సింహాసనం పక్క స్తంభానికి రాగిరేకు ఒకటి బిగించి ఉంది. 'వేషధారి యగువాని శిరస్సు మకరముఖమున వ్రేలాడదీయవలెను.' బయట బురుజు మీద మకరం సరిగ్గా అప్పుడే ఊళ పెట్టింది.

"వీడెవడో నాకు తెలియదు, మహారాణీ" అన్నాడు మొదటి యువరాజు. "తల తీయించండి." అని, ఎడమ బొటనవేలితో కుడిచేతి దండకడియాన్ని పైకి తోసుకున్నాడు.

మైలారుడు ఉలిక్కిపడ్డాడు. ఆ దండకడియం ఆ కండల చేతికి అతికినట్టు ఉంది. జారేది కాదు. జారనిదాన్ని పైకి తోయడం ఎందుకు?

'ఏమో, యువరాజుకు నిజంగానే ఆ అలవాటు ఉందేమో. నాకు తెలియకుండానే నేను సరిగ్గా పట్టుకున్నానేమో' అనుకున్నాడు. అలా జరగడం కద్దు. ఒకసారి ఒక ఊళ్లో కరణం వేషం కట్టి, ఊరికే నవ్వించడానికి మాటిమాటికీ ముక్కు రుద్దుకుంటే, చూసినవాళ్లంతా మా కరణం అచ్చం అలాగే రుద్దుకుంటాడని పొర్లిపొర్లి నవ్వారు. ఇది కూడా అలాంటిదే అయితే ఎదురుగా ఉన్నది అసలు యువరాజే. తాను అబద్ధమాడితే అసలు యువరాజు తల పోతుంది. నిజం చెబితే తన తల పోతుంది. నోరు మూసుకుంటే ఏమవుతుందో అతనికి అంతుపట్టలేదు.

ఎండబిళ్ల వలయానికి జానెడు దూరంలోకి వచ్చింది.

"దళపతీ," అని మహారాణి బొల్లయ్యను పిలిచింది. "నువ్వు యువరాజును చిన్ననాటి నుంచీ ఎరుగుదువట. యువరాజు ఎక్కిన మొట్టమొదటి గుర్రం పేరు నీకు తెలుసా?"

"తెలియకేం, మహారాణీ? దాని కళ్లెం పట్టింది నేనే."

"అయితే విను. ముందు వచ్చినవారు ముందు చెబుతారు."

మొదటి యువరాజు తడుముకోలేదు. "చిలకముక్కు" అన్నాడు. మళ్లీ దండకడియం పైకి తోసుకున్నాడు.

బొల్లయ్య మొహం పిండిలా పాలిపోయింది.

"సరేనా, దళపతీ?"

"అది... అది నేను విన్న పేరే, మహారాణీ" అన్నాడు బొల్లయ్య, మింగుడుపడక.

విన్న పేరే మరి. మొన్న అడవిలో నీటిమడుగు దగ్గర సేవకుడొకడు ఇదే ప్రశ్న అడిగితే, జవాబు తెలియని మైలారుడు అప్పటికప్పుడు కల్పించిన పేరది. లోకంలో చిలకముక్కు అనే గుర్రం లేదు. ఆ మాట మైలారుడి నోట్లో పుట్టి, ఆ నీటిమడుగు దగ్గరే ఆగిపోయిన మాట. అప్పుడు అక్కడ ఉన్నది నలుగురు సేవకులు, బొల్లయ్య, ఇంకా... నీళ్లలో ఒంటికాలి మీద నిలబడి, చేపనైనా పట్టకుండా, పొద్దు వాలేదాకా వాళ్లనే చూస్తూ ఉండిపోయిన ఒక బూడిదరంగు కొంగ.

ఎదుట ఉన్నవాడు యువరాజును చూసి యువరాజు కాలేదు. తనను చూసి యువరాజయ్యాడు! ఒడ్డూ పొడుగూ యువరాజువే కావచ్చు, కానీ కడియం తోసే అలవాటు తనది. గుర్రం పేరు తనది. ఆ నడకలోని బింకం కూడా, ఇప్పుడు చూస్తే, తాను కాస్త ఎక్కువ చేసిందే.

కానీ ఈ సంగతి నిరూపించాలంటే దారి ఒక్కటే. తాను ఎవరో ముందు చెప్పాలి.

"ఇప్పుడు నువ్వు చెప్పు, నాయనా. గుర్రం పేరేమిటి?" అంది మహారాణి.

మైలారుడు ఇరవై ఊళ్లను తలచుకున్నాడు. తన మెడను కూడా తలచుకున్నాడు. తలపాగా తీసి నేలమీద పెట్టాడు.

"నాకు తెలియదమ్మా. నేను యువరాజును కాను. మైలారుడంటారు నన్ను, పగటివేషగాణ్ణి. యువరాజు కనబడకపోతే మా ఊళ్లు మునగకూడదని ఈ వేషం కట్టుకొచ్చాను. ఈ దొర చెప్పిన పేరు నేను అడవిలో కల్పించింది. అసలు యువరాజుకు ఆ పేరు ఎలా తెలుస్తుందమ్మా?"

సభ ఒక్కసారి తేనెతుట్టె కదిపినట్టయింది. భటులు కత్తులు దూశారు. బొల్లయ్య నెత్తి బాదుకున్నాడు. మహారాణి చేయెత్తింది.

"వేషధారినని నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావు. శాసనం చదివి కూడా ఒప్పుకున్నావు. పండితులవారూ, ఈ శాసనంలో ఆ మాటకు అర్థం ఏమిటి?"

ఆస్థాన వైయాకరణి విరూపాక్ష సోమయాజి కునికిపాట్ల నుంచి తేరుకుని లేచాడు. అతనికి తొంభై ఏళ్లు. గొంతు మాత్రం ఇంకా కంచులా మోగుతుంది.

"వేషమును ధరించినవాడు వేషధారి."

"అది నాకూ తెలుసు. ఎవరు వాడు?"

"నాట్యమాడేవాడు వేషధారే. వేగులవాడూ వేషధారే. తపస్సు చేయకుండా జడలు పెంచిన సన్యాసి కూడా వేషధారే. మాట ఒకటే, మహారాణీ."

"మరి తల ఎవరిది పోవాలి?"

సోమయాజి గడ్డం నిమురుకున్నాడు. "శాసనం చెక్కించింది తమ ముత్తాతగారు. వారికి నాటకాలంటే పంచప్రాణాలు. నటుల తలలు తీయమని చెక్కించి ఉండరు. వంచకుల తలలే అయి ఉండాలి."

"అయితే ఆ మాటే చెక్కించవచ్చుగా?"

"రేకులో చోటు చాలలేదేమో!"

మహారాణి విసుగ్గా మైలారుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, ఆ మాటతో బతికేవాడివి నువ్వు. మీవాళ్లలో వేషం అంటే ఏమిటి?"

"విప్పేదాన్నే వేషం అంటామమ్మా" అన్నాడు మైలారుడు. యువరాజు గొంతు ఎప్పుడో జారిపోయింది, అతని సొంత గొంతు బయటపడింది. "ఒక ఊళ్లో దిగితే ఎనిమిది రోజులు ఎనిమిది వేషాలు కడతాం. తొమ్మిదోనాడు మొహాలు కడుక్కుని గడపగడపకూ వెళ్లి, 'నిన్నటి పులి నేనే బాబూ, మొన్నటి అత్తగారు నేనే తల్లీ' అని చెప్పుకుంటాం. అలా చెప్పుకోనివాణ్ణి మావాళ్లే పంక్తిలో కూర్చోనివ్వరు. వాడు కట్టింది వేషం కాదంటారు."

"మరి నువ్వు ఈ వేషం విప్పుదామనే వచ్చావా?"

మైలారుడు తలవంచాడు. "లేదమ్మా. శంఖం పుచ్చుకుని చల్లగా జారుకుందామనే వచ్చాను. అంటే ఇందాకటిదాకా నాది మోసమే. ఇప్పుడు విప్పాను. దీన్నేమంటారో పండితులవారే చెప్పాలి."

సోమయాజి నోరు తెరిచాడు. "సందిగ్ధం!" అన్నాడు. "మొదలు మోసము, తుద వేషము! ఇట్టి ప్రయోగము నేను ఎక్కడా చూడలేదు."

ఎండబిళ్లకూ వలయానికీ నడుమ బెత్తెడు దూరమే మిగిలింది. మొదటి యువరాజు కళ్లు దాని మీదే ఉన్నాయి.

"నీళ్లు తెప్పించండమ్మా" అన్నాడు మైలారుడు. దాసీ తెచ్చిన బిందెలో దోసిళ్లు ముంచి మొహం కడుక్కున్నాడు. కనుబొమలు కరిగాయి. మీసం ఊడి చేతిలోకి వచ్చింది. బుగ్గల నిగారింపు ఎర్రటి మరకై మెడ మీదుగా కారింది. యువరాజు పోయి, ఎండకు కమిలిన మొహంతో, చిన్న చుబుకంతో, ఒక మామూలు మనిషి మిగిలాడు. "ఇక ఆ దొరను కూడా కడుక్కోమనండి."

మహారాణి సైగ చేసింది. మొదటి యువరాజు చిరునవ్వు నవ్వి, బిందె అందుకుని తలమీద నుంచి కుమ్మరించుకున్నాడు. తెల్లటి నీళ్లు తెల్లగానే కారాయి. మీసం వెంట్రుకైనా కదల్లేదు.

"అసలు యువరాజు! అసలు యువరాజు!" అని సభ హోరెత్తింది. భటులు మైలారుడి రెక్కలు విరిచిపట్టారు. ఒకడు మెడ మీద కత్తి ఆనించాడు.

మైలారుడికి మతిపోయినంత పనైంది. తాను అడిగిన పరీక్షే తన మెడకు చుట్టుకుంది. ఎక్కడ తప్పాను? తడిసిన యువరాజును పైనుంచి కిందికి కళ్లతో వెతికాడు. తడిసిన కవచం. తడిసిన దండకడియం. తలపాగా నుంచి ఒక్క చుక్క కారడం లేదు! గుడ్డ తడిస్తే బరువెక్కి జారాలి. అది బాతు వీపులా నీటిని జార్చి పొడిగా నిలబడింది. అది గుడ్డే కాకపోతే, కడియం కూడా కడియం కాదు!

"బొల్లయ్యా!" అని అరిచాడు. "ఆ కడియం తీయి! ఒక్క కడియం తీసి చూడు!"

బొల్లయ్య ఎటు పోవాలో తెలియక ఒక్క క్షణం ఊగాడు. ఇద్దరిలో చిలకముక్కు అన్నవాడి మీదే అతనికి అనుమానం మిగిలింది. ఒక్క ఉరుకున వెళ్లి దండకడియం పట్టుకుని గుంజాడు. అది రాలేదు. కాలు తన్నిపెట్టి, బలమంతా తీసి గుంజాడు.

బంగారం చిరిగింది. చిరిగిన చోట నుంచి రక్తం కారింది.

యువరాజు నోటి నుంచి వచ్చిన కేక మనిషి కేక కాదు. తలపాగా, కవచం, కడియం, చర్మం అన్నీ ఒకే తోలై ముడుచుకున్నాయి. మెడ బారెడు సాగింది. చేతులు రెక్కలై విచ్చుకుని రెండు స్తంభాలను కొట్టాయి. రంగురాళ్లు వడగళ్లలా రాలాయి. ఏనుగంత బూడిదరంగు కొంగ ఒంటికాలి మీద నిలబడి సభను చూసింది.

"కాలజంఘుడు!" అని మహారాణి లేచి నిలబడింది. నల్లదీవుల మాంత్రికుడు కాలజంఘుడి పేరు ఆ తీరంలో తెలియనివాళ్లు లేరు. అలలను ఆడించే శంఖం కోసం వాడు తిరగని కోట లేదు.

అంతలో ఎండబిళ్ల వలయాన్ని తాకింది. అడిగేందుకు యువరాజు లేడు. కొంగ ఎవరినీ అడగలేదు. ముక్కు చాచి శంఖాన్ని ఎత్తుకుని, భటులను రెక్కలతో చెదరగొట్టి, తలుపుల వైపు ఎగిరింది. మెడ మీది కత్తి పక్కకు తొలగిన ఆ లిప్తలో మైలారుడు ఉరికి దాని కాలు పట్టుకున్నాడు.

"వదలకు!" అని అరిచాడు బొల్లయ్య.

"పారిపోనివ్వకండి!" అని అరిచింది మహారాణి. ఎవరిని అన్నదో ఎవరికీ తెలియలేదు.

మకరాల బురుజులు కింద గిరగిరా తిరిగి వెనక్కి పోయాయి. ముత్యపు కోట చిన్న చిప్పంత అయింది. కింద సముద్రం నీలం నుంచి ఆకుపచ్చకు, ఆకుపచ్చ నుంచి సిరా నలుపుకు మారింది. గాలికి కవచం తాళ్లు తెగి, ఒక్కొక్క పలకా నీళ్లలో పడిపోయింది. వదులు కడియం ఎప్పుడో జారిపోయింది. కొంగ మెడ తిప్పి పొడవబోయింది. నోట్లో శంఖం ఉండబట్టి పొడవలేకపోయింది. మైలారుడు గడకర్ర ఎక్కినట్టు ఆ కాలి మీదుగా పైకి పాకి, రెక్క మొదట్లో రెండు చేతులూ దూర్చి, ఈకలు పిడికిళ్ల నిండా పట్టుకుని మెలిపెట్టాడు.

కొంగ పక్కకు ఒరిగింది. ఆకాశం కిందికీ సముద్రం పైకీ వచ్చాయి. నల్లటి రాళ్లు, నల్లటి ఇసుక, ఏదో దీవి, గిర్రున తిరుగుతూ మీదికొచ్చి పడ్డాయి.

ఇసుక మబ్బులా లేచింది. మైలారుడు దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ లేచాడు. ఒళ్లంతా గీరుకుపోయింది కానీ ఎముకలు నిలిచాయి. పది అడుగుల దూరంలో శంఖం ఇసుకలో సగం కూరుకుని మెరుస్తోంది. కొంగ లేదు.

శంఖానికి అటువైపు ఒక మనిషి దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ లేచాడు. ఎండకు కమిలిన మొహం. చిన్న చుబుకం. మెడ మీద ఎర్రరంగు మరక. నడుముకు తెగిన కవచం తాళ్లు. కడియం చిరిగిన గాయం జాడైనా లేదు.

మైలారుడు తన మొహాన్ని తానే చూస్తూ నిలబడిపోయాడు.

"కదలకండి!"

పైన గుహ ముఖంలో నుంచి ఒక యువకుడు బయటికి వచ్చాడు. పట్టుబట్టలు పీలికలయ్యాయి, కాలికి తెగిన గొలుసు వేలాడుతోంది, వారం రోజుల గడ్డం పెరిగింది. అయినా ఆ కనుబొమల వంపును మైలారుడు లక్షమందిలోనైనా పోల్చుకుంటాడు. యువరాజు కువలయసేనుడు! చేతిలో, తాను చంపి వచ్చిన గుహ కావలివాడి విల్లు, ఎక్కుపెట్టిన బాణం. మైలారుణ్ణి అతను ఈ జన్మలో చూసి ఉండలేదు.

"నన్ను ఎత్తుకొచ్చి ఈ గుహలో పారేసిన కొంగ మీ ఇద్దరిలో ఒకడు. ఎగురుతూ రావడం నా కళ్లతో చూశాను. ఎవడు వాడు?"

"యువరాజా, నేను మైలారుణ్ణి! పగటివేషగాణ్ణి!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. ఒకటే గొంతు, ఒకటే యాస.

"వాణ్ణి కొట్టండి! వాడే కాలజంఘుడు!" అన్నారు ఇద్దరూ, ఒకరి వైపు ఒకరు చేయి చూపుతూ.

యువరాజు బాణపు మొన అటు తిరిగింది, ఇటు తిరిగింది. మళ్లీ అటు తిరిగింది. అతని నుదుటి మీది చెమట కంట్లోకి దిగింది. దీవి వెనుక నుంచి, శంఖం వెండి పీట దిగడంతో అదుపు తప్పిన సముద్రం కొండంత ఎత్తున లేచి రావడం మైలారుడు చూశాడు. ఇక ఆలోచించడానికి వ్యవధి లేదు. అలను వెనక్కి నెట్టాలని శంఖం మీదికి దూకాడు.

అటువైపు నుంచి వాడూ దూకాడు.

వింటి అల్లెతాడు ఖంగున మోగింది.